సంచి మీద నాలుగు లైన్లు రాయండి: సముద్రపు అక్వేరియం జీవులు అమ్మేవారికి బహిరంగ లేఖ

విజయనగరం,
జూన్ 3.

ఉత్తరాంధ్రలో సముద్రపు అక్వేరియం చేపలు, మెత్తని పగడాలు, లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాయి) అమ్ముతున్న షాపుల యజమానులకు, వాటిని బయటి నుంచి తెప్పించి బస్సు పార్శిళ్లలో మా ఊళ్లకు పంపే ఏజెంట్లకు, ఈ వ్యాపారం మీద ఒక కన్ను వేయాల్సిన అధికారులకు,

నమస్కారం.

విజయనగరంలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. నా దగ్గర ఎవరైనా జ్వరం బిళ్లల స్ట్రిప్ కొంటే, దాని వెనక ఎవరు తయారు చేశారో, ఏ నెలలో చేశారో, ఎప్పటిదాకా వాడొచ్చో, బ్యాచ్ నంబరు ఎంతో అన్నీ అచ్చు వేసి ఉంటాయి. ఎంతో ఖరీదైన సరుకేం కాదు అది. మీలో ఒకరి దగ్గర నాలుగు వేల చిల్లర పోసి కొన్న చేప సంచి మీద మాత్రం రబ్బరు బ్యాండు తప్ప ఇంకేమీ లేదు. నా గొడవంతా ఆ రబ్బరు బ్యాండు దగ్గరే మొదలైంది.

నేరుగా బజారుకెక్కలేదు. ముందు ఫోన్లు చేశాను. ఏప్రిల్‌లో ఆ షాపుకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. అందినట్టు మెసేజ్ వచ్చింది, జవాబు రాలేదు. మే నెలలో ఇంకోటి పంపాను, అదీ అంతే. ఒక కార్యాలయానికి వెళ్తే అక్కడివారు మర్యాదగానే కూర్చోబెట్టి, “ఇది తినే చేప కాదు కదండీ, మేమేటి చేస్తాం?” అన్నారు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి నుంచి నాతో మాట్లాడిన వాళ్ల కథలు కూడా ఇంచుమించు ఇలాంటివే. షాపులే వేరు.

జరిగింది ఇదీ. నాలుగేళ్లుగా మా ఇంట్లో రెండడుగుల ట్యాంకు ఉంది. అందులో చేపలు రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక డామ్సెల్, ఒక గోబీ. పగడాల్లాంటివి కొన్ని మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్, జోయాలు (రాయి మీద గుంపుగా పెరిగే పువ్వుల్లాంటి జీవులు). సంక్రాంతి వెళ్లాక పెద్ద ట్యాంకు కట్టించాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే దాదాపు 450 లీటర్లు. కొత్త పొడి రాయి, కొత్త ఇసుక. ఆరు వారాలు ఆగి, చేపకి విషాలైన అమోనియా, నైట్రైట్ సున్నాకి దిగాయని చూసుకుని, మార్చి రెండో ఆదివారం పాత ట్యాంకులోని వాటన్నిటినీ అందులోకి మార్చాను. అదే రోజు పొద్దున మా అమ్మాయి ముచ్చటపడిన బ్లూ టాంగ్ చేపనీ, ఒక జోయాల రాయినీ కొనుక్కొచ్చాను. “రెండు వారాలు క్వారంటైన్ చేసిన పీసండీ, కళ్లు మూసుకుని వేసేయండి” అన్నారు షాపులో. ఆ పార్శిల్ అంతకు ముందు శుక్రవారమే దిగిందని చాలా రోజులకి తెలిసింది. ఎవరు చెప్పారో రాయను, ఆ కుర్రాడి ఉద్యోగం పోకూడదు.

గురువారానికి టాంగ్ ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. ఫోన్ చేస్తే “కొత్త నీళ్లు కదండీ, స్ట్రెస్” అన్నారు. సోమవారానికి చుక్కలు మాయమయ్యాయి. “చూశారా, చెప్పాను కదా” అన్నారు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం. ఆ వారం చివరికి చుక్కలు మళ్లీ వచ్చాయి, ఈసారి ఐదు చేపల మీదా. పన్నెండో రోజు టాంగ్ పోయింది. తర్వాత డామ్సెల్, ఆ తర్వాత గోబీ, చివరికి నాలుగేళ్లుగా మా చేతిలోంచి తిండి తిన్న క్లౌన్ జంటలో ఒకటి. ఏప్రిల్ 6న మిగిలిన ఒక్క క్లౌన్‌ని ప్లాస్టిక్ టబ్బులోకి తీశాను. అప్పటి నుంచి పెద్ద ట్యాంకులో చేప లేదు. ఈ రోజుకి 58 రోజులు.

ఇందులో నా తప్పూ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీతో మాట్లాడాల్సినవి వరసగా రాస్తాను. ఇందులో చాలా సంగతులు మీకు తెలిసినవే. కొనేవాళ్లకి తెలియవు, మీరు చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1. పేరు ఒకటే, రోగాలు మూడు. మన భోగాపురం, పూసపాటిరేగ వైపు వైట్ స్పాట్ (తెల్ల చుక్క) అనగానే రొయ్యల రైతు గుండె ఆగుతుంది. 1990ల మధ్య నుంచి చెరువుల్ని ఊడ్చేస్తున్న ఆ రోగం వైరస్ వల్ల వచ్చేది. మంచినీటి అక్వేరియం చేపలకి వచ్చే తెల్ల చుక్కలది ఒక పరాన్నజీవి. దానికి ఉప్పు వేసి, నీటి వేడి పెంచి వైద్యం చేస్తారు. సముద్రపు చేపకి వచ్చేది ఇంకో పరాన్నజీవి, పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. మూడింటికీ ఒకదానితో ఒకదానికి దగ్గరి చుట్టరికం లేదు. మంచినీటి చేపకి చేసే ఆ ఉప్పు, వేడి వైద్యం సముద్రపు చేపకి పనికిరాదు. సముద్రపు నీళ్లలో ఉన్న చేపకి “ఓ గుప్పెడు కళ్లుప్పు వేయండి” అని చెప్పిన షాపు కూడా ఉంది మన దగ్గర. చేప ఉన్నదే ఉప్పు నీటిలో అన్న సంగతి చెప్పినాయనకి తట్టలేదు, విన్నాయనకీ తట్టలేదు.

2. చుక్కలు పోవడం అంటే రోగం పోవడం కాదు. నా ఇంట్లో దెబ్బ తగిలింది ఇక్కడే. ఈ పరాన్నజీవి చేప చర్మం కింద, మొప్పల్లో మూడు నుంచి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకి కనిపించే చుక్క అదే. బలిశాక అది తనంతట తానే రాలిపోతుంది. చేప శుభ్రంగా కనిపిస్తుంది, మనం సంబరపడతాం. రాలినది రాయికో, ఇసుకకో, గాజుకో అతుక్కుని చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. లోపల ఒకటి వందలవుతుంది. కొన్ని మూడు రోజులకే పగులుతాయి, ఎక్కువ భాగం నాలుగు వారాల లోపు, మొండివి 72 రోజుల దాకా కూడా ఆగి పగిలిన దాఖలాలు ఉన్నాయి. బయటికొచ్చిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. చర్మం కింద ఉన్నదాన్నీ, పెంకులో ఉన్నదాన్నీ ఏ మందూ తాకదు. ఈదే పిల్లలు ఒక్కటే మందుకి లొంగుతాయి. అందుకే ట్యాంకుని 76 రోజులు చేప లేకుండా ఖాళీగా ఉంచమంటారు. నా ట్యాంకు ఇప్పుడు చేస్తున్న ఉపవాసం అదే. పొద్దున్నే మా అమ్మాయి క్యాలెండర్ మీద ఇంటూ కొడుతుంది. నాలుగు వేల చేపతో పోయేది నాలుగు వేలే కాదండీ, రెండున్నర నెలలు.

వెల్వెట్ అని ఇంకోటి ఉంది, అమైలూడినియం. ఒంటి మీద బంగారు పొడి రాసినట్టు ఉంటుంది. చాలాసార్లు అదీ కనిపించదు. చేప నీటి పైకొచ్చి ఆయాసపడుతుంటుంది, రెండు మూడు రోజుల్లో ట్యాంకు ఖాళీ. దాని ముందు వైట్ స్పాట్ మర్యాదస్తురాలు.

3. కాపర్. పరాన్నజీవికి కాపర్ (రాగి) మందు పనిచేస్తుంది, కాదనను. కానీ అది పగడానికీ, రొయ్యకీ, నత్తకీ, పీతకీ విషం. రాయి, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి కాబట్టి మోతాదు నిలవదు కూడా. కాపర్ పెట్టాలంటే విడిగా, ఇసుకా రాయీ లేని ఖాళీ ట్యాంకులోనే పెట్టాలి. ఏ కంపెనీ సీసా అయితే ఆ సీసా మీది మోతాదే, దానికి సరిపడే టెస్ట్ కిట్‌తో రోజూ చూసుకుంటూ పెట్టాలి. శ్రీకాకుళంలో నాకు తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగి, షాపాయన ఫోన్‌లో చెప్పినట్టు పగడాలుండే రీఫ్ ట్యాంకులోనే నేరుగా కాపర్ పోశాడు. తెల్లారేసరికి రెండు క్లీనర్ ష్రింప్‌లు, నత్తలన్నీ చచ్చి పడున్నాయి. అవి కుళ్లి అమోనియా పెరిగి చేపలూ పోయాయి. షాపాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చెప్పేవాడో ఊహించుకోగలను: స్ట్రెస్.

4. చేప లేకపోయినా రాయి రోగం మోస్తుంది. “మీరు పగడమే కదా కొన్నారు, దానికి వైట్ స్పాట్ రాదు” అంటారు. పగడానికి రాదు, నిజమే. ఆ పగడం అతికించిన ప్లగ్ (చిన్న రాతి బిళ్ల) మీద, నత్త పెంకు మీద ఆ గట్టి పెంకులు అతుక్కుని రావచ్చు. మీలో చాలామంది చేపల ట్యాంకులూ, పగడాల ట్యాంకులూ ఒకే సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టి) నీటి మీద నడుపుతున్నారు. అంటే మీ షాపులో ఒక మూల ఉన్న జబ్బు చేప, ఇంకో మూల ఉన్న ప్రతి రాయికీ తన జబ్బు పంచుతోంది.

ఇక పురుగులు. నేను కొన్న జోయాల రాయి మీద గోధుమరంగు చిన్న పువ్వు ఒకటి ఉంది, అందంగా ఉంది అనుకున్నాను. అది ఐప్టేసియా. పక్కన ఉన్న పగడాన్ని కుట్టి చంపుతుంది. తెలిశాక చాకు పెట్టి గీకాను. అడుగున మిగిలిన ముక్క ముక్కా మళ్లీ ఒక ఐప్టేసియా అవుతుందని అప్పటికి నాకు తెలియదు. నెల తిరిగేసరికి లెక్క పెట్టడం మానేశాను. జోయాల్ని తినే నూడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు) ఏ జోయాని తింటే ఆ రంగులోనే ఉంటాయి, కంటికి ఆనవు. పచ్చ గోలీల్లాంటి బబుల్ ఆల్గే అనే నాచుని వేలితో చిదిమితే ఇంకా పాకొచ్చంటారు. డిప్ ద్రావణంలో ముంచితే పెద్ద పురుగులు రాలతాయి గానీ గుడ్లు చావవు. అవి పొదిగి బయటికొచ్చాక మళ్లీ ముంచాలి, ఇలా మూడు నాలుగు వారాల పాటు చేయాలి. గుడ్లు ఎక్కువగా ప్లగ్ మీదా, అడుగునా ఉంటాయి కాబట్టి వీలైతే ప్లగ్ తీసి పారేయాలి. “డిప్ చేసే ఇస్తున్నాం” అని మీరు చెప్పే మాట ఒకసారి ముంచినదాని గురించే అయితే, దయచేసి ఒకసారే ముంచామని చెప్పండి.

5. ఇది అన్నిటికంటే ముఖ్యం, నేను మందుల మనిషిని కాబట్టి ఇంకా ముఖ్యం. ఐప్టేసియా పట్టిన రాయిని “గిన్నెలో వేసి ఉడకబెట్టేయండి, పీడా పోతుంది” అని కొందరు సలహా ఇస్తున్నారు. చీపురుపల్లి నుంచి ఒక కుర్రాడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, “అన్నా, ఎన్ని విజిల్స్ రావాలి?” అని అడిగాడు. కుక్కర్‌లో పెట్టబోతున్నాడు! రాయి మీద జోయాలు ఉన్నాయి. ముందు స్టవ్ ఆపమన్నాను, తర్వాత మాట్లాడాను.

జోయాలు, వాటి దగ్గరి జాతి పాలిథోవాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ప్రకృతిలో ఉన్న అతి భయంకరమైన విషాల్లో అదొకటి. వేడికి తేలిగ్గా చావదు. మరిగించినా, వేడినీళ్లు పోసినా, రాయిని బ్రష్‌తో తోమినా తుంపర్లతో గాలిలోకి లేస్తుంది. పీల్చినవాళ్లకి దగ్గు, ఆయాసం, జ్వరం, చలి, కండరాల నొప్పులు. విదేశాల్లో ఇలా రాయి ఉడకబెట్టి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. దానికి విరుగుడు మందు లేదు. లక్షణాలకి వైద్యం చేయడమే. కంట్లో పడితే చూపుకే ముప్పు. మన ఇళ్లలో వంటిల్లు, ముసలివాళ్ల మంచం, పసిపిల్లల ఉయ్యాల అన్నీ పది అడుగుల్లో ఉంటాయి. అర్ధరాత్రి ఆయాసంతో వచ్చిన కుటుంబాన్ని చూసి, దీనికి కారణం అక్వేరియం రాయి అని ఏ డ్యూటీ డాక్టరుకి తడుతుంది? జోయాలు అమ్మే ప్రతి షాపూ చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు వాడమని చెప్పాలి. నాకు నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు.

6. సంచి సంగతి. చెన్నై నుంచి విశాఖ, అక్కడి నుంచి మాకు అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళానికి వంద దాటి. మే నెల ఎండలో బస్సు డిక్కీలో పాలిథిన్ సంచి. అంతసేపు మూసిన సంచిలో అమోనియా చేరుతుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, ఆ అమోనియా కొంత నిద్రపోయి ఉంటుంది. సంచి విప్పగానే గ్యాస్ పోయి, పీహెచ్ పెరిగి, అది నిద్ర లేస్తుంది. అందుకే దూరం నుంచి వచ్చిన చేపని గంటలకొద్దీ ఆ నీటిలోనే ఉంచి చుక్కచుక్క కలపడం ప్రమాదం. ముందే మన టబ్బులోని ఉప్పుశాతం సంచి నీటికి సరిపెట్టుకుని, వేడి సమం కాగానే చేపని తీసి వేసెయ్యాలి, సంచి నీళ్లు పారబోయాలి. ఇది చేయాలంటే సంచి నీటి ఉప్పుశాతం మాకు ముందే తెలియాలి కదా. పరాన్నజీవులు అణిగి ఉంటాయని, ఉప్పు ఖర్చు కలిసొస్తుందని కొన్ని షాపులు తక్కువ ఉప్పులో ఉంచుతాయి. మా ఇళ్లలో అది సాంద్రత లెక్కలో 1.025 ఉంటుంది. 1.018 నుంచి వచ్చిన చేపని నేరుగా అందులో వేస్తే దాని గతేంటి? ఆ ఒక్క అంకె రాయడానికి మార్కర్ పెన్ను చాలు.

7. నా కౌంటర్ దగ్గర జరిగేది కూడా చెప్పాలి. చేప జబ్బు పడగానే జనం మందుల షాపుకి వస్తారు. మెట్రోనిడజోల్ ఇవ్వండి, సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వండి, షాపాయన రాసిచ్చాడు అని సిగరెట్ పెట్టె ముక్క చూపిస్తారు. డాక్టరు చీటీ లేకుండా అవి అమ్మకూడదు, అమ్మను. అమ్మే షాపులు ఉన్నాయని నాకూ తెలుసు. పరాన్నజీవి మీద సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు. మందు కలిసిన ట్యాంకు నీళ్లు చివరికి మున్సిపాలిటీ కాలువలోకే పోతాయి. మనుషులకి యాంటీబయాటిక్స్ పనిచేయని రోజులొస్తున్నాయని మొత్తుకుంటుంటే, చచ్చిపోబోయే డామ్సెల్‌కి ఒక కోర్సు!

8. ట్యాంకు నీళ్లు పారబోసే చోటు. రోగమొచ్చిన ట్యాంకుని విసిగిపోయి చింతపల్లి తీరానికి తీసుకెళ్లి, బతికున్నవాటితో సహా సముద్రంలో వదిలేసినవాళ్లని ఎరుగుదును. పుణ్యం అనుకుంటారు. సక్కర్ చేప అక్వేరియంలలోంచే బయటపడి మన చెరువుల్లో ఎంత చేటు చేస్తోందో చేపల రైతుని అడగండి, చిరిగిన వల చూపిస్తాడు. మన తీరం పొడుగునా రొయ్యల హేచరీలు సముద్రం నుంచే నీళ్లు తోడుకుంటాయి. మనం వదిలింది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. అమ్మేటప్పుడు “సముద్రంలో వదలకండి, వద్దనుకుంటే మాకు తిరిగి ఇవ్వండి” అని ఒక్క ముక్క చెప్పడం మీకు ఖర్చు లేని పని.

9. చట్టం. గట్టి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. అయినా “బిల్లు అడక్కపోతే ఇస్తాం” అంటూ అమ్మేవాళ్లు ఉన్నారు. నేను ఆ జోలికి పోలేదు. దాచి అమ్మిన సరుకుకి రోగముంటే కొన్నవాడు ఎవరికి మొరపెట్టుకుంటాడు? బిల్లు లేని అలవాటు అక్కడ మొదలై, చట్టబద్ధమైన చేపల దాకా పాకింది. నా టాంగ్‌కి కూడా బిల్లు ఇవ్వలేదు. యూపీఐ చెల్లింపు ఒక్కటే నా దగ్గరున్న సాక్ష్యం. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

ఇప్పుడు నా తప్పు. కొత్త ట్యాంకు పెట్టినప్పుడు, పొడి రాయి వేసినప్పుడు, అందులో ఏ రోగమూ లేదు. రోగం తనంతట తాను పుట్టదు, నేనే సంచిలో మోసుకొచ్చాను. పాత ట్యాంకు నుంచి కొత్తదానికి మారే రోజు పాత పీడలన్నీ అక్కడే వదిలేసే అవకాశం. నేను ఆ రోజే కొత్త పీడని తెచ్చి కలిపాను. పాతవాటిని ముందు మార్చి, టాంగ్‌ని విడిగా ఆరు వారాలు పెట్టి ఉంటే, చచ్చినా అదొక్కటే చచ్చేది. పూసపాటిరేగలో రొయ్యల రైతు పీసీఆర్ (రోగ పరీక్ష) రిపోర్టు చూడకుండా సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో దించడు. అమెరికా నుంచి వచ్చే వనామి తల్లి రొయ్యలకి కూడా చెన్నైలో ప్రభుత్వ క్వారంటైన్ దాటితే గానీ హేచరీకి దారి లేదు. ఆ ఊళ్ల పక్కనే పుట్టి పెరిగిన నాకు ఆ పాటి బుద్ధి ఉండాల్సింది.

పెంచేవాళ్లకి రెండు మాటలు, ఎందుకంటే షాపులు మారేదాకా మన ట్యాంకులు ఆగవు. క్వారంటైన్ అంటే లక్షలు పోసే పని కాదు. యాభై అరవై లీటర్ల టబ్బు, మూత, హీటర్, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, ముందే పెద్ద ట్యాంకు సంప్‌లో నానబెట్టి ఉంచిన స్పాంజ్ ఫిల్టరు. వలా, బకెట్టూ విడిగా. ఎయిర్ స్టోన్ చిమ్మే తుంపర్లతో కూడా కొన్ని పరాన్నజీవులు పక్క ట్యాంకులోకి చేరతాయి, అందుకని వేరే గదిలో పెట్టండి. వైట్ స్పాట్‌కి మందు లేకుండా ఒక దారి ఉంది. మూడు రోజులకోసారి, 72 గంటలు దాటకుండా, చేపని కడిగి ఆరబెట్టిన ఇంకో టబ్బులోకి కొత్త నీటిలోకి మార్చడం, ఇలా నాలుగుసార్లు. రాలిన పెంకులు పాత టబ్బులోనే ఉండిపోతాయి. నా క్లౌన్ బతికింది అలాగే. వెల్వెట్‌కి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. తీరం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లు హేచరీలవాళ్లలా బ్లీచింగ్ వేసి, క్లోరిన్ పోయిందని పరీక్ష చేశాకే వాడండి. వానాకాలంలో చంపావతి, నాగావళి సముద్రంలో కలిసే మొగల దగ్గర నీటిలో ఉప్పు పలుచన, కొలిచి చూసుకోండి.

మా ఒక్కరి సరదా గోల అనుకోకండి. గజపతినగరంలో ఒకాయన చిన్న షాపు పెట్టుకున్నాడు. హోల్‌సేల్‌గా తెచ్చిన సరుకులో వెల్వెట్ వచ్చి వారంలో మొత్తం పోయింది. అప్పు మిగిలింది. ఇప్పుడు మంచినీటి గప్పీలు అమ్ముకుంటున్నాడు. మీ సంచి మీద రాయని ఆ నాలుగు లైన్లకి ముందుగా బలయ్యేది మీ కింద ఉన్న ఇలాంటి చిన్న వ్యాపారులే.

అందుకని మేం అడుగుతున్నవి:

1. అమ్మే ప్రతి సంచి మీద నాలుగు లైన్లు రాయండి. ఎక్కడి నుంచి ఏ తేదీన వచ్చింది, సముద్రంలో పట్టిందా, ట్యాంకులో పుట్టిందా అన్నది ఒకటి. ఏ ఉప్పుశాతంలో ఉంది అన్నది రెండు. ఏ మందు, ఎన్ని రోజులు పెట్టారు అన్నది మూడు. ఏం తింటోంది అన్నది నాలుగు. మందు పెట్టకపోతే పెట్టలేదు అని రాయండి. అబద్ధం కంటే ఆ మాటే మాకు ఉపయోగం.

2. కొత్తగా దిగిన సరుకుని కనీసం రెండు వారాలు అమ్మకపు ట్యాంకుల నీరు తగలని చోట ఉంచండి. అంత స్థలం లేకపోతే దిగిన తేదీ చెప్పి అమ్మండి, విడిగా ఉంచే పని మేం చేసుకుంటాం.

3. చేపల నీరూ, పగడాల నీరూ విడదీయండి.

4. జోయాలు, పాలిథోవాలు అమ్మితే పాలీటాక్సిన్ గురించి తెలుగులో ఒక చీటీ ఇవ్వండి. ఉడకబెట్టమని, రీఫ్ ట్యాంకులో కాపర్ పోయమని సలహాలు ఇవ్వడం ఈ రోజు నుంచే మానండి. ఇందులో బేరం లేదు.

5. అడగకపోయినా బిల్లు ఇవ్వండి.

6. అధికారులకు: రంగు చేపల షాపుల్ని కూడా మీ తనిఖీల్లో చేర్చండి. క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పెంచే విద్య సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) దగ్గర ఉంది, ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. వారిని పిలిచి షాపులవాళ్లకి ఒక రోజు శిక్షణ పెట్టించండి. మన తీరంలో రొయ్యల కోసం పెట్టిన ల్యాబుల్లో మైక్రోస్కోపులు ఉన్నాయి. చేప ఒంటి మీద జిగురు కాస్త గీరి స్లైడ్ మీద చూడటం పది నిమిషాల పని. న్యాయమైన రుసుము తీసుకుని రంగు చేపలకి కూడా ఆ పరీక్ష చేసేలా చూడండి. అది ఉంటే ఎవరూ సిగరెట్ పెట్టె ముక్క పట్టుకుని నా కౌంటర్‌కి రారు.

నా టాంగ్ డబ్బుల సంగతి వేరు. ఈ నెలాఖరులోగా ఆ షాపు నుంచి జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకి అక్కడ ఫీజు లేదు. ఇలాగే నష్టపోయినవాళ్లు ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి.

జూన్ 21కి నా ట్యాంకుకి 76 రోజులు నిండుతాయి. ఆ రోజు టబ్బులో ఉన్న క్లౌన్‌ని అందులోకి దించుతాం. దానికి జోడీ కావాలి. సంచి మీద నాలుగు లైన్లు రాసి, బిల్లు చేతికిచ్చే షాపు ఏదైనా ఉంటే కబురు పెట్టండి. ఇచ్ఛాపురంలో ఉన్నా సరే, తెల్లవారుజాము బస్సుకి వచ్చి కొనుక్కుంటాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
విజయనగరం.